చరాస్తిగా పైకప్పు: గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఇనుపరేకు పునర్వినియోగ చరిత్ర

వ్యాససంగ్రహం

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, పొగాకు, మిరప పంటల వెంట స్థిరపడిన కట్టడ సామగ్రిలో ముడతల ఇనుపరేకు ఒకటి. తాటాకు కప్పు కొన్నేళ్ళకే చివికిపోతుంది. సిమెంటు శ్లాబు కట్టిన చోటే కూలుతుంది. ఇనుపరేకును మాత్రం ఒక కప్పు మీదనుంచి విప్పి మరొక కప్పుకు ఎక్కించవచ్చు. జనగణన దీనిని శాశ్వత కప్పుల్లో లెక్కించింది. దాని కింద బతికినవారు చరాస్తిగా వాడుకున్నారు. ఈ రెండు దృష్టుల మధ్య ఉన్న దూరాన్ని పదచరిత్ర, వాణిజ్య చరిత్ర, పనితనం, తుపాను అనుభవం, ఆస్తి చట్టం అనే ఐదు ఆధారాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విప్పిన రేకు ఎవరిదన్న ప్రశ్న కౌలురైతు, నిర్వాసితుల హక్కులతో ముడిపడి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇనుపరేకు, పునర్వినియోగం, చరాస్తి, గృహనిర్మాణ చరిత్ర, పత్తి మిల్లులు, పొగాకు బ్యారన్లు, తుపాను, కౌలు, పునరావాసం.

1. ప్రవేశిక

పాత కట్టడపు సామగ్రితో కొత్త కట్టడం లేపడం గుంటూరు సీమకు కొత్త కాదు. 18వ శతాబ్ది చివరి దశకంలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా తీర్చిదిద్దుకున్నప్పుడు దీపాలదిన్నెలోని మహాచైత్య శిలలు కొత్త కట్టడాలకు తరలాయి. కల్నల్ కాలిన్ మెకంజీ అక్కడికి రావడంతో ఆ విషయం లిఖిత చరిత్రకెక్కింది. తరవాతి కాలంలో కొన్ని శిలలు మచిలీపట్నానికి, మరికొన్ని మద్రాసుకు, లండనుకు చేరాయి. ఏ శిల ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళిందో ఈనాటికీ పరిశోధకులు లెక్క తీస్తూనే ఉన్నారు.

అదే సీమలో గత నూరేళ్ళకు పైగా ఇంకొక కట్టడ సామగ్రి కూడా ఊరినుంచి ఊరికి, గోదామునుంచి గుడిసెకు, ఇంటినుంచి గొడ్లచావిడికి తరలుతూ వచ్చింది. అది జింకుపూత వేసిన ముడతల ఇనుపరేకు. శిలకున్న శాసన విలువ గానీ శిల్ప విలువ గానీ దీనికి లేవు. అందువల్ల దీని ప్రయాణాన్ని ఎవరూ నమోదు చేయలేదు. గృహనిర్మాణాన్ని గురించిన మన రచనల్లో పూరిల్లు, పెంకుటిల్లు, మేడ అనే మూడు మెట్లు కనిపిస్తాయి. రేకుకు ఈ వరుసలో చోటు దొరకలేదు.

ఈ వ్యాసంలో 'మైదానాలు' అంటే కృష్ణకు దక్షిణంగా గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల, చీరాల, ఒంగోలు ప్రాంతాల్లో విస్తరించిన నేలలు. ప్రకాశం జిల్లా 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రస్తుత నామం పొందింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు విడివడ్డాయి. పాలనా సరిహద్దులు మారినా, నల్లరేగడి, దానిమీది వాణిజ్య పంటలు ఈ ప్రాంతాన్ని ఒక్కటిగా పరిశీలించడానికి వీలు కల్పిస్తున్నాయి. 'రేకు' అన్నప్పుడు, ప్రత్యేకించి చెప్పని చోట, ఇనుపరేకు అనే గ్రహించాలి.

2. 'రేకు': పదం, క్రియ

తెలుగులో 'రేకు' పాతమాట. పూవు దళం రేకు. సుత్తితో పల్చగా సాగగొట్టిన లోహమూ రేకే. బ్రౌణ్య నిఘంటువు ఈ రెండర్థాలనూ ఇచ్చింది. బంగారు రేకు, రాగిరేకు అనే సమాసాలు సాహిత్య పరిశోధకులకు చిరపరిచితాలు. అన్నమాచార్య సంకీర్తనలు రాగిరేకుల మీద నిలిచాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురణలు నేటికీ సంకీర్తనను రేకు సంఖ్యతో గుర్తిస్తున్నాయి. అంటే ఇంగ్లండునుంచి ముడతల ఇనుము వచ్చేనాటికి దానికి తగిన పేరు తెలుగులో సిద్ధంగా ఉంది. కొత్త వస్తువుకు కొత్త పేరు అరువు తెచ్చుకోవలసిన అవసరం రాలేదు. ఆ తరవాత వచ్చిన ఆస్‌బెస్టాస్‌ను జనం 'సిమెంటు రేకు' అన్నారు. ఇంకా తరవాత వచ్చినవి ప్లాస్టిక్ రేకు, రంగు రేకు అయ్యాయి. పదార్థం మారినా, పల్చగా ఉండి కప్పుకు పనికివచ్చే ప్రతిదీ రేకు కుటుంబంలో చేరింది.

అయితే పేరు తెలుగైనంత సులభంగా ఆ ఇల్లు తెలుగు ఇల్లు కాలేదు. పెంకు ఔపవిభక్తికంతో కలిసి 'పెంకుటిల్లు' అయింది. పూరి 'పూరిల్లు' అయింది. తాటాకు 'తాటాకిల్లు' అయింది. రేకు విషయంలో 'రేకుల ఇల్లు' అన్న మాట ఉన్నా, వాడుకలో అంతకంటె ఎక్కువగా వినిపించేది 'రేకుల షెడ్డు'. కుటుంబం కాపురమున్న గదిని సైతం షెడ్డనే అంటారు. 'షెడ్డు' తాత్కాలికతను సూచించే మాట. ఇక్కడ ఉంటున్నాం గాని ఇది ఇల్లు కాదన్న భావం ఈ పదప్రయోగంలోనే ఇమిడి ఉంది.

నామవాచకం కంటె క్రియాపదం ఎక్కువ చెబుతుంది. తాటాకు కప్పును నేస్తారు, చివికితే పీకేస్తారు. శ్లాబు పోస్తారు, అక్కర్లేనప్పుడు పగలగొడతారు. రేకును వేస్తారు, తరవాత 'విప్పుతారు'. ముడిని, మూటను, కట్టును విప్పుతాం. విప్పినదాన్ని మళ్ళీ కట్టవచ్చన్న ఊహ ఆ క్రియలోనే ఉంది. పెంకును దించి మరోచోట పరచడం ఉన్నదే గాని, దించేటప్పుడు పగిలేవి పగులుతాయి. రేకు విషయంలో నష్టం లేకుండా విప్పడం ఆదర్శం కాదు, ఆనవాయితీ. ఈ క్రియాభేదం ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదనకు భాషాపరమైన ఆధారం.

3. రేకు రాక: మిల్లు, రైలు, బ్యారన్

ఇనుపరేకుకు ముడతలు వేసే పద్ధతికి లండన్ రేవు ఇంజినీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో పేటెంటు పొందాడు. ముడత వల్ల పల్చని రేకు కూడా వంగకుండా బరువు మోస్తుంది. దూలాలు తక్కువగా ఉన్నా కప్పు నిలుస్తుంది. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సొరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచి పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. జింకు, అంటే తుత్తునాగం, తాను క్షయమవుతూ ఇనుమును తుప్పునుంచి కాపాడుతుంది. గీత పడినచోట, మేకు దిగినచోట సైతం చుట్టుపక్కల ఉన్న పూత కొంతవరకు ఆ రక్షణ ఇస్తుంది. రేకును పలుమార్లు విప్పి బిగించడానికి వీలు కలిగించిన గుణం ఇదే.

ఈ మైదానాలకు రేకు మొదట ఇంటికప్పుగా రాలేదు, పెట్టుబడి కప్పుగా వచ్చింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో పండిన గోధుమవర్ణపు దేశవాళీ పత్తి 'కొకనాడ' పేరుతో ఎగుమతి మార్కెట్లో చలామణి అయింది. పత్తికి జిన్నింగు శాల, ప్రెస్సు, గోదాము కావాలి. మూడింటికీ విశాలమైన లోపలి స్థలం, తక్కువ స్తంభాలు, నిప్పుకు అంటుకోని కప్పు అవసరం. నిప్పురవ్వకు అంటుకునే పత్తిపీచు మీద తాటాకు కప్పు వేయడం సాహసమే. 1925 పత్తి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టం నాటికి ఈ పరిశ్రమ ప్రత్యేక శాసనం కోరేంతగా దేశమంతటా విస్తరించింది.

విజయవాడనుంచి తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసుకు 1899లో రైలుమార్గం కలిసింది. సరుకుల షెడ్లకు, సిబ్బంది గదులకు రేకు వాడుక రైల్వేల్లో సాధారణం. తేలికగా ఉండి, ఒకదానిమీద ఒకటి పేర్చితే తక్కువ చోటు పట్టే రేకును దూరప్రాంతాలకు చేర్చడంలో రైలు పాత్ర కాదనలేనిది. 1924 ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం విదేశీ ఉక్కు సరుకుల మీద సుంకం పెంచినప్పుడు ఆ జాబితాలో జింకుపూత రేకు కూడా ఉండటం, అది అప్పటికే ఎంత ముఖ్యమైన దిగుమతి సరుకో తెలియజేస్తుంది.

మూడో మార్గం పొగాకు. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ప్రోత్సాహంతో 1920ల నుంచి గుంటూరు మండలంలో వర్జీనియా పొగాకు సాగు వ్యాపించింది. దానిని పొగ తగలకుండా వేడితో మాగబెట్టాలి. అందుకు కట్టిన ఎత్తైన గదే బ్యారన్. కొలిమినుంచి వేడిని గదిలోపల తిప్పే గొట్టాలు రేకుతో చేసినవే. గొట్టం ఏటేటా కాలి పల్చబడుతుంది, మరమ్మతు తప్పదు. కాబట్టి రేకును కత్తిరించడం, అతకడం, సాపు చేయడం తెలిసిన చేతులకు పొగాకు పల్లెల్లో ఏటా పని ఉండేది. 1976లో పొగాకు బోర్డు గుంటూరు కేంద్రంగా ఏర్పడి బ్యారన్ల రిజిస్ట్రేషన్ మొదలయ్యాక, బ్యారన్ ఒక కట్టడంతోపాటు ఒక అనుమతి కూడా అయింది. గిట్టుబాటు లేక బ్యారన్ మూతబడినచోట అనుమతికి ఒక విలువ, గోడలకు ఒక విలువ, రేకుకు, గొట్టానికి వేరొక విలువ కట్టే పరిస్థితి వచ్చింది.

ఈ మూడు మార్గాల్లోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. మిల్లు, రైలు గోదాము, బ్యారన్ పాతబడ్డప్పుడు వాటి కప్పు వేలానికో బేరానికో వచ్చింది. పేదవాని ఇంటికి చేరిన రేకు చాలాసార్లు కొత్తది కాదు; ఇంతకుముందు పత్తినో పొగాకునో కాపాడినది.

4. నియంత్రణ కాలంలో పాతరేకు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, ఇనుము, ఉక్కు ఉత్పత్తి, పంపిణీలను నియంత్రించే ఉత్తర్వు వచ్చింది. కొత్త సరుకు పర్మిటు మీద గాని దొరకదు. యుద్ధం ముగిసినా నియంత్రణ తొలగలేదు. 1956లో కొత్త ఉత్తర్వుగా కొనసాగింది. 1960ల మధ్యలో కొంత సడలి, 1992 జనవరిలో ధర, పంపిణీ నియంత్రణలు తొలగాయి. అంటే అర్ధశతాబ్దంపాటు కొత్త ఉక్కు సరుకు ఏదో ఒక రూపంలో ప్రభుత్వ నియంత్రణ నీడన ఉంది.

ఈ కాలవ్యవధిని గృహనిర్మాణ చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. కొత్తరేకుకు దరఖాస్తు, సిఫారసు, నిరీక్షణ కావాలి. వీటిని సాధించగలిగినవాడు మిల్లు యజమాని, గుత్తేదారు, పెద్దరైతు. చిన్నరైతుకు, చేతివృత్తివానికి అందుబాటులో ఉన్నది పాతరేకే. కప్పు మీద వేసిన రేకు అవసరమైనప్పుడు విప్పి అమ్ముకోగల నిల్వధనమైంది. కుదువపెట్టిన నగలా, తోలుకుపోగల పశువులా, రేకుకూ కష్టకాలంలో మారకపు విలువ ఉంది. 1980ల మధ్యలో తెల్లదోమ తెగులు ఈ రెండు జిల్లాల పత్తిరైతును అప్పుల్లో ముంచింది. అటువంటి ఏడాదుల్లో ఇంటివద్ద అమ్మకానికి పనికివచ్చే వస్తువులు ఏవని లెక్కించేటప్పుడు భూమి, పశువు, నగలతోపాటు కప్పునూ లెక్కించడం అవసరం.

5. విప్పే పనితనం

రేకు వేయడం చూరునుంచి మొదలై వెన్నువద్ద ముగుస్తుంది. పై రేకు అంచు కింది రేకు మీదికి రావాలి. లేకపోతే వాన లోపలికి దిగుతుంది. పక్కవాటులో గాలి ఎక్కువగా వీచే దిక్కుకు ఎదురు అంచునుంచి మొదలుపెడితే, అతుకు నోరు గాలికి ఎదురు పడదు. విప్పడం దీనికి సరిగ్గా వెనకవరస. మొదట వెన్ను మీది మూత రేకు, తరవాత పైవరస, చివర చూరు వరస. పక్కవాటులో చివర వేసినది ముందు వస్తుంది. ఈ క్రమం తప్పితే ఒక రేకు లాగబోయి పక్కదాన్ని చింపుతారు. కప్పు ఏ వరసలో కట్టారో చూసి చదవగలిగినవాడే దాన్ని నష్టం లేకుండా విప్పగలడు.

కొక్కెం బోల్టులు తుప్పుపట్టి కదలవు. వాటికి ముందురోజు కిరసనాయిలు పోసి నానబెట్టడం, అప్పటికీ కదలకపోతే మరను కోయడం పద్ధతి. సుత్తి దెబ్బతో రేకును కిందినుంచి ఎగదన్నితే పని తొందరగా అవుతుంది గాని రంధ్రం చుట్టూ చిరుగు పడుతుంది. కర్రదూలానికి కొట్టిన మేకును లాగేటప్పుడు రేకు మీద చెక్కముక్క ఆనించి పట్టుకారుకు ఆధారమిస్తారు, ముడత అణగదు. మనిషి బరువు దూలం ఉన్నచోటే పడాలి. తుప్పు తిన్న రేకు మధ్యలో కాలుపెట్టినవాడు కిందపడే ప్రమాదముంది. పైన ఇద్దరు, కింద అందుకునేవాడొకడు ఉంటారు. గాలి లేని ఉదయం వేళ ఈ పనికి అనువు. పెద్దరేకు గాలికి తెరచాపలా లేస్తుంది.

విప్పినదాన్ని వెంటనే మూడు రకాలుగా వేరుచేస్తారు. పూత మిగిలి రంధ్రాలు మాత్రమే ఉన్నవి మళ్ళీ కప్పుకు వెళ్తాయి. అంచులు తిన్నవి కత్తిరిస్తే పొట్టి రేకులుగా పనికొస్తాయి. మధ్యలో జల్లెడైనవి కప్పుకు పనికిరావు. పాత రంధ్రాలను తారుతో, గుడ్డముక్కతో పూడుస్తారు. తిరిగి వేసేటప్పుడు పాత రంధ్రాలు అతుకు కిందికి వచ్చేలా జరుపుతారు. అందుకోసం పక్కరేకు మీదికి ఎక్కే ముడతల సంఖ్య పెంచుతారు. కప్పిన వైశాల్యం తగ్గినా కారడం ఆగుతుంది. కొత్త రంధ్రం ముడత మెట్టమీద పడాలిగాని పల్లంలో పడకూడదు. నీరు పారేది పల్లంలోనే. రేకును ఎంచేవాడు గేజి సంఖ్య చూస్తాడు. సంఖ్య పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. భారతీయ ప్రమాణం 277 జింకు పూతను బరువుతో వర్గీకరిస్తుంది. 275 తరగతి అంటే రెండువైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాముల పూత. పాతరేకు మీద అచ్చు చెరిగిపోయినా, చేతితో వంచి, వేలితో తట్టి దళసరి అంచనా వేయడం అలవాటైనవారు వేస్తారు.

ఈ రేకు ప్రయాణానికి ఒక అవరోహణక్రమం ఉంది. మిల్లు కప్పుమీదిది ముందుగదికి వస్తుంది. ముందుగదికి శ్లాబు పడితే వంటపాకకు, అక్కడినుంచి గొడ్లచావిడికి, మిరపకల్లం దగ్గరి కాపలా పాకకు, ఆ తరవాత కోళ్ళగూటికి, దొడ్డి దడికి వెళ్తుంది. చివరకు తూకానికి పాత ఇనుప కొట్టుకు చేరుతుంది. ప్రతి మెట్టులోనూ రేకు పొట్టిదవుతుంది, రంధ్రాలు పెరుగుతాయి, విలువ తగ్గుతుంది. ఇల్లు మెరుగుపడిన కుటుంబం పాత కప్పును పారేయదు. దానిని ఇంటిలోనే ఒక మెట్టు దించుతుంది, లేదా తనకంటె ఒక మెట్టు కిందనున్న ఇంటికి అమ్ముతుంది. ఈ క్రమం గ్రామంలోని ఆర్థిక అంతరాలకు ఒక పటం వంటిది.

నల్లరేగడి స్వభావం కూడా ఈ చలనానికి తోడ్పడింది. వానకు ఉబ్బి, ఎండకు బీటలువారే నేలమీద లోతైన పునాది లేని బరువైన గోడ నెర్రెలిస్తుంది. గుంజల మీద నిలిచిన తేలికపాటి కప్పు కొంచెం ఒరిగినా సరిచేసుకోవచ్చు. పల్నాటి వైపు నాపరాయి, తీరం వైపు తాటాకు స్థానికంగా దొరికాయి. ఈ రెండింటి మధ్యనున్న రేగడి పల్లెల్లో రేకుకు అవకాశం ఎక్కువైంది.

6. గాలి పరీక్ష

పునర్వినియోగానికి ఒక మూల్యం ఉంది. తీరప్రాంతంలో అది తుపాను రోజున బయటపడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన నిజాంపట్నం, రేపల్లె వైపు గుంటూరు జిల్లా తీరాన్నీ దెబ్బతీసింది. ఆ అనుభవం తరవాత తుపాను రక్షణ అంటే కాంక్రీటు కప్పు అన్న అభిప్రాయం ప్రభుత్వ విధానంలో బలపడింది.

భారత వాతావరణ శాఖ తుపాను నష్టాలను గాలివేగాన్ని బట్టి వర్గీకరిస్తుంది. గంటకు 89 నుంచి 117 కిలోమీటర్ల వేగమున్న తీవ్ర తుపానులో, బిగించని లోహపు రేకులు ఎగిరే ప్రమాదాన్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్లకు దక్షిణంగా తీరం దాటినప్పుడు సరిగ్గా ఈ తరగతిలోనే ఉంది. గాలివేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. పత్తి, మిరప, పొగాకు, వరి పొలాలు ఆ వానకు, గాలికి దెబ్బతిన్నాయి.

గాలి రేకును కిందికి నొక్కడం కంటె పైకి లాగడం వల్ల ఎక్కువ హాని చేస్తుంది. చూరువద్ద, వెన్నువద్ద, మూలల్లో ఈ లాగుడు అధికం. రెండు మూడు సార్లు విప్పిన రేకులో రంధ్రం వెడల్పవుతుంది. వాషరు పట్టు సడలుతుంది. బోల్టు నిలిచినా రేకు దానిమీదుగా చిరిగి లేస్తుంది. బోల్టులు మిగలక రాళ్ళు, ఇసుకమూటలు పెట్టి నిలిపిన రేకు మరింత ప్రమాదకరం. ఎగిరిన రేకు అంచు కత్తివంటిది. కాబట్టి పాతరేకు వాడేవారికి అవసరమైనది కొత్త రేకు కంటె ముందు కొత్త బోల్టు, వెడల్పైన వాషరు, చూరు వెంట అదనపు బిగింపు. కప్పు మొత్తంతో పోలిస్తే ఈ ఖర్చు స్వల్పం. రేకు కప్పును వదిలేయమనే సలహా కంటె, బిగింపు సామగ్రి అందించే సాయం పేదకుటుంబానికి ఎక్కువ మేలు చేస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరొక కోణమూ గమనించదగినది. తుపాను తరవాత పొలాల్లో పడిన రేకులను వెతికి తెచ్చుకోవడం ఇల్లు తిరిగి కట్టుకోవడంలో మొదటి పని. తాటాకు కప్పు పోతే పూర్తిగా పోయినట్టే. రేకు పోతే వంగిన రూపంలోనైనా మిగులుతుంది. పేదకుటుంబం తాటాకునుంచి రేకుకు మారడానికి నిప్పుభయంతోపాటు ఈ తిరిగి దొరికే గుణమూ కారణమని భావించవచ్చు.

7. లెక్కలో కలిసిపోయిన రేకు

2001, 2011 జనగణనల్లో ఇళ్ళ కప్పు పట్టిక జింకుపూత రేకు, ఇతర లోహపు రేకు, ఆస్‌బెస్టాస్ రేకు మూడింటినీ ఒకే గడిలో చేర్చింది. చరిత్ర దృష్టితో చూస్తే ఇవి ఒకటి కావు. సిమెంటు రేకు 1946లో స్థాపితమైన హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సంస్థ 'చార్మినార్' పేరుతో తెలుగునాట ఇంటింటి మాట అయింది. ఎండకు ఇనుపరేకంత కాగదు, తుప్పు పట్టదు, వానచప్పుడు తక్కువ. అయితే అది పెళుసు. విప్పేటప్పుడు బోల్టువద్ద పగులుతుంది. పగిలినప్పుడు లేచే పీచుధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఆస్‌బెస్టాస్ పరిశ్రమ కార్మికుల ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పు ఈ ప్రమాదాన్ని గుర్తించింది. అలాంటి రేకును విప్పవలసి వస్తే తడిపి, పగలగొట్టకుండా, ముక్కుకు తగిన రక్షణతో దించాలి. పగిలిన ముక్కలను దారిగుంతల్లో పోయకూడదు.

అంటే ఒకటి పలుమార్లు విప్పగలిగినది, మరొకటి విప్పకూడనిది. రెండింటినీ ఒకే అంకెగా ఇచ్చిన పట్టిక నుంచి ఈ మైదానాల్లో పునర్వినియోగానికి పనికివచ్చే కప్పు ఎంతో తేల్చడం సాధ్యం కాదు. అంతేకాక జనగణన నిర్వచనంలో రేకు శాశ్వత కప్పుల కోవలోకి వస్తుంది. వాడుకలో షెడ్డు అయినది లెక్కలో పక్కా అయింది. ఈ వైరుధ్యం పదాలకే పరిమితం కాదు. ఆస్తి హక్కు ప్రశ్నకు దారితీస్తుంది.

8. విప్పిన రేకు ఎవరిది?

1882 ఆస్తి బదిలీ చట్టం నేలకు అతికిన వస్తువుల గురించి వివరంగా చెప్పింది. 108వ సెక్షన్‌లోని 'హెచ్' ఖండం ప్రకారం కౌలుదారు తాను నేలకు అతికించిన వస్తువులను, స్థలం తన స్వాధీనంలో ఉన్నంతకాలం, కౌలు గడువు ముగిసిన తరవాత సైతం, తీసుకుపోవచ్చు. స్థలాన్ని తాను అందుకున్న స్థితిలో అప్పగించాలన్నదే షరతు. పట్టణంలో అద్దె స్థలంలో రేకుల దుకాణం వేసుకున్నవానికి ఇది అక్కరకొచ్చే నియమం. కాని అదే చట్టంలోని 117వ సెక్షన్, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, వ్యవసాయ కౌళ్ళను ఈ అధ్యాయం నుంచి మినహాయించింది. పత్తి, మిరప సాగులో కౌలు ప్రధానమైన ఈ మైదానాల్లో ఈ మినహాయింపు ప్రభావం తక్కువది కాదు. కౌలుపొలంలో మోటారు షెడ్డు, కల్లం పాక వేసుకున్న రైతు, గడువు తీరాక ఆ రేకు తీసుకుపోగలడా లేదా అన్నది నోటిమాట మీద ఆధారపడుతుంది. మాట నిలిచినంతకాలం సమస్య లేదు. భూమి చేతులు మారినప్పుడు కొత్త యజమానికి ఆ మాట తెలియదు.

చరాస్తి, స్థిరాస్తి భేదాన్ని నిర్ణయించడంలో సిర్పూర్ పేపర్ మిల్స్ కేసు ఉపకరిస్తుంది. అది ఎక్సైజు సుంకానికి సంబంధించిన వివాదం. కదలకుండా పనిచేయడానికి కాంక్రీటు దిమ్మెకు బిగించిన యంత్రాన్ని విప్పి అమ్మగలిగినప్పుడు, ఆ బిగింపు మాత్రం చేత అది స్థిరాస్తి కాదని సుప్రీంకోర్టు భావించింది. గుంజకు బోల్టుతో బిగించిన రేకుకు ఈ తర్కం సహజంగా వర్తిస్తుంది. బిగింపు ఉద్దేశం రేకును నేలలో కలపడం కాదు, గాలికి లేవకుండా నిలపడం.

నిర్వాసితుల విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. 2013 డిసెంబరులో జాతికి అంకితమైన పులిచింతల ప్రాజెక్టు గుంటూరు జిల్లా వైపు కృష్ణాతీరపు పల్లెలను ముంపులోకి తెచ్చింది; ఒకప్పటి వజ్రపు గనులకు పేరుపడ్డ కొల్లూరు వాటిలో ఒకటి. ఊరు ఖాళీ అయ్యేటప్పుడు గోడ మిగులుతుంది. తలుపు, దూలం, రేకు బండెక్కుతాయి. 2014 జనవరి 1న అమలులోకి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టపు రెండో షెడ్యూలు, నిర్వాసిత కుటుంబానికి రవాణా ఖర్చుగా 50,000 రూపాయలు ఒకసారి ఇవ్వాలంటుంది. ఆ రవాణా దేనికోసమో చెప్పేటప్పుడు కుటుంబం, కట్టడ సామగ్రి, ఇతర వస్తువులు, పశువులు అని ఒకే వరుసలో పేర్కొంటుంది. అంటే కట్టడ సామగ్రి కుటుంబంతో కదిలేదని శాసనమే ఒప్పుకుంది. పశువులపాక లేదా చిన్న దుకాణం కట్టుకోవడానికి కనీసం 25,000 రూపాయల సాయం కూడా అదే షెడ్యూలులో ఉంది.

అయితే కట్టడానికి విలువ కట్టేటప్పుడు, తీసుకుపోయిన సామగ్రి విలువను పరిహారం నుంచి తగ్గించాలా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రపంచబ్యాంకు 2001 నాటి నిర్వాసిత విధానం ఇందుకు స్పష్టమైన సమాధానమిచ్చింది: కట్టడం పాతబడిన తరుగును గానీ, విప్పి తీసుకోగల సామగ్రి విలువను గానీ లెక్కలోకి తీసుకోరాదు. ఈ సూత్రం వెనుక న్యాయముంది. విప్పిన రేకు కొత్త రేకు కాదు. దానిలో రంధ్రాలుంటాయి, కొన్ని చిరుగుతాయి, విప్పిన కూలి ఇంటివారే భరిస్తారు. దానిని కొత్తదాని ధరకు లెక్కగట్టి పరిహారంలో కోయడం, కుటుంబపు శ్రమను ప్రభుత్వ ఖాతాలో జమకట్టినట్టే అవుతుంది.

రహదారి అంచున, పోరంబోకు స్థలంలో పట్టా లేకుండా నివసించేవారి పరిస్థితి వేరు. నేల వారిది కాదు కనుక నేల పరిహారం రాదు. గోడ మట్టిది. చట్టం ముందు నిర్వివాదంగా వారిదని చెప్పుకోగలిగినది కప్పు మీది రేకు మాత్రమే. తొలగింపు నోటీసు వచ్చిన ఇంటికి రేకు విప్పుకునే వ్యవధి ఇవ్వడమా, యంత్రంతో నలగగొట్టడమా అన్నది ఆ కుటుంబానికి మర్నాటి నీడకు సంబంధించిన విషయం. యంత్రం కింద నలిగిన రేకు తూకానికి తప్ప కప్పుకు పనికిరాదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ఈ మైదానాల్లో ఇనుపరేకు మిల్లు, రైలు, బ్యారన్ వంటి పెట్టుబడి కట్టడాల ద్వారా వచ్చి, పునర్వినియోగం ద్వారా పేదల ఇళ్ళకు విస్తరించింది.

2. 1941 నుంచి 1992 వరకు సాగిన ఉక్కు నియంత్రణ, పాతరేకును నిల్వధనంగా మార్చడంలో ముఖ్యపాత్ర వహించింది.

3. 'విప్పు' అనే క్రియ, 'షెడ్డు' అనే నామం, జనం దృష్టిలో ఈ కప్పు నేలకు గాక మనిషికి చెందినదని సూచిస్తున్నాయి.

4. జనగణన ఇనుపరేకును, ఆస్‌బెస్టాస్‌ను కలిపి లెక్కించడం వల్ల పునర్వినియోగ చరిత్రకు, ఆరోగ్యరక్షణకు అవసరమైన భేదం మరుగున పడింది. రాబోయే గణనలో వీటిని వేరుచేయడం అవసరం.

5. వ్యవసాయ కౌలు ఒప్పందాల్లో రైతు వేసుకున్న కప్పు, షెడ్డు రైతువేనన్న వాక్యం చేర్చాలి. తొలగింపుకు ముందు రేకు విప్పుకునే వ్యవధి ఇవ్వాలి. పరిహారం నుంచి విప్పిన సామగ్రి విలువను తగ్గించకూడదు.

కట్టడ చరిత్ర ఇంతవరకు నిలిచిన గోడలనే ప్రధానంగా చదివింది. కప్పు తరలిపోయిన ఇంటి గోడ కూలి, మట్టిలో కలిసి, ఏ ఆధారమూ మిగల్చదు. ఆ ఇంటి చరిత్ర ఎక్కడైనా మిగిలి ఉంటే, మరో ఊళ్ళో, మరో కప్పు మీద, తారు పూడ్చిన పాత రంధ్రాల వరుసలో మిగిలి ఉంటుంది. గోదాము రికార్డులు, రైల్వే వేలం పత్రాలు, పాత ఇనుప కొట్ల ఖాతాలు, కూలీల నోటిమాటలు జోడించి ఆ వరుసను చదవడం గ్రామీణ భౌతిక సంస్కృతి పరిశోధనలో ఇక చేపట్టవలసిన పని.